చెయ్యి కదలకముందే

పిల్లలూ,

"రెడీ అని విసిరితే బంతి పట్టేస్తాను, చెప్పకుండా విసిరితే జారిపోతుంది. ఎందుకు తాతయ్యా?" అని మీలో ఒకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న. జవాబు చేతిలో లేదు, తలలో ఉంది. నడినెత్తికి ఎడమవైపున్న మెదడు భాగం కుడిచేతిని, కుడివైపుది ఎడమచేతిని కదిలిస్తాయి.

చెయ్యి ఊరికే ఉన్నప్పుడు అక్కడి న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, గుంపుగా, సెకనుకు 13 నుంచి 30 సార్ల చొప్పున ఒకే లయలో ఊగుతుంటాయి. అది బీటా లయ. తలమీద ఈఈజీ (మెదడు విద్యుత్తును కొలిచే పరీక్ష) ఎలక్ట్రోడ్లు పెడితే అలలా కనిపిస్తుంది. మనంతట మనం చెయ్యి కదపబోతుంటే, సుమారు సెకను ముందునుంచే ఆ అల తగ్గిపోతుంది. కదలిక ఆగాక సెకను తిరిగేలోపే మళ్ళీ లేస్తుంది.

అల తగ్గిందంటే మెదడు పడుకుందని కాదర్రా! పెద్ద హాలు బయట నిలబడ్డారనుకోండి. లోపల వెయ్యిమంది ఒకే తాళంలో చప్పట్లు కొడుతుంటే గోడ ఇవతలికి హోరుమని వినిపిస్తుంది. అంతలో అందరూ లేచి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. ఒకరు కుర్చీ జరుపుతారు, ఇంకొకరు తలుపు తీస్తారు. బయట మీకు సద్దుమణిగినట్టే ఉంటుంది. చప్పట్లు కొట్టే చేతులతో కుర్చీ జరపలేరు కదా! పార్కిన్సన్స్ జబ్బులో మెదడు లోతుల్లో ఈ చప్పట్లు ఒక పట్టాన ఆగవు. అడుగు వెయ్యాలనుకున్నా కాలు వెంటనే లేవదు. డోపమైన్ అనే మెదడు రసాయనం లోటు తీర్చే మందు వేసుకుంటే ఆ హోరు తగ్గుతుంది.

ఇప్పుడు 'రెడీ' సంగతి. 1976లో తాంజీ, ఎవార్ట్స్ అనే శాస్త్రవేత్తలు కోతులకు ఒక పిడి ఇచ్చి, లాగాలో తొయ్యాలో దీపంతో ముందే చెప్పారు. పిడి కుదిపినప్పుడే కదలాలి. చెయ్యి ఇంకా కదలకముందే చాలా న్యూరాన్ల జోరు మారిపోయింది, అదీ లాగడానికి ఒకలా, తొయ్యడానికి ఒకలా! నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. మెదడు నుంచి చేతి కండరానికి కబురు చేరడానికి 20 మిల్లీసెకన్లు చాలు. ఆలస్యమంతా చూడటంలో, తేల్చుకోవడంలోనే. 'రెడీ' అంటే ఆ పనిలో కొంత ముందే అయిపోతుంది.

మీరే చూడండి. స్నేహితుడు రెండు చేతుల్లో రెండు 30 సెంటీమీటర్ల స్కేళ్ళు పైకొసన పట్టుకోవాలి. మీరు మణికట్లు బల్ల అంచుకు ఆనించి, కింద సున్నా గీత దగ్గర బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచండి. ఏది వదులుతాడో ముందే చెప్పి పదిసార్లు, చెప్పకుండా పదిసార్లు. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 0.17 సెకన్లు, 20 అయితే 0.20. స్కేలు మొత్తం జారిపోతే 0.25 దాటినట్టే. 10 సెంటీమీటర్ల లోపు వస్తే అది ఊహించి పట్టిందై ఉండొచ్చు, లెక్కలోంచి కొట్టెయ్యండి. అలా ఊహించకుండా ఉండాలంటే ప్రతిసారీ వదిలే ముందు ఆగే సమయం మార్చాలి, ఒకసారి ఒక సెకను, ఒకసారి నాలుగు. చూపు స్కేలు మీదే ఉండాలి, స్నేహితుడి వేళ్ళమీద కాదు. రెండు వరసల సగటులూ కట్టి నాకు రాయండి.

మీ తాతయ్య