“ఎఫ్‌ఎన్‌పీ చేస్తే ఎక్కడైనా చేయొచ్చు”: ఎన్‌పీ ట్రాక్‌ల మీద అపోహలు - వాస్తవాలు

అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ (ఎన్‌పీ: జబ్బు నిర్ధారించి మందులు రాసే, పైచదువు చదివిన నర్సు) కోర్సులో చేరబోయే మన నర్సులు ఫోన్ చేసి అడిగే మొదటి మాట, “అక్కా, ఏ ట్రాక్‌కి డిమాండ్ ఉంది?” ట్రాక్ అంటే ఏ రకం పేషెంట్లను చూడాలో ఎంచుకునే శాఖ. ఏ పేషెంట్లను చూడాలనుందో మాత్రం ఎవరూ చెప్పరు.

అపోహ: ఫ్యామిలీ ట్రాక్ (ఎఫ్‌ఎన్‌పీ) చేస్తే అన్ని తలుపులూ తెరుచుకుంటాయి.

వాస్తవం: నేనూ అలాగే నమ్మి చేరాను. అప్పటికే ఆరేళ్లు ఐసీయూలో నైట్ డ్యూటీలు చేసినదాన్ని. వెంటిలేటర్ అలారం మోగితే ట్యూబులో కఫం అడ్డుపడిందా, పేషెంట్ ట్యూబు కొరుకుతున్నాడా అని గుమ్మంలోంచే పోల్చుకునేదాన్ని. ఎఫ్‌ఎన్‌పీ అయ్యాక ఐసీయూ ఉద్యోగానికి వెళ్తే క్రెడెన్షియలింగ్ వాళ్లు (అర్హతలు సరిచూసేవాళ్లు) అడిగింది ఒకటే: “ఎన్‌పీ చదువులో అక్యూట్ కేర్, అంటే తీవ్ర జబ్బుల వైద్యంలో, క్లినికల్ గంటలెన్ని?” సున్నా. ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) ఎంత అనుభవం ఉన్నా దానితో ఎన్‌పీ స్కోప్, అంటే చేయగల పని పరిధి, పెరగదు.

ఎఫ్‌ఎన్‌పీ పసిపాప నుంచి పండుముసలి దాకా చూస్తుంది, కానీ అది ప్రైమరీ కేర్ (రోజువారీ క్లినిక్ వైద్యం): బీపీ, షుగర్, టీకాలు, చెవిపోటు. పెద్దల ఐసీయూకి అడల్ట్-జెరంటాలజీ (పెద్దలు, వృద్ధులు) అక్యూట్ కేర్ ఉంది, పిల్లలకు పీడియాట్రిక్ అక్యూట్ కేర్ ఉంది. 2008 నాటి ఏపీఆర్‌ఎన్ కన్సెన్సస్ మోడల్ (ఎన్‌పీల వంటి పైచదువు నర్సుల లైసెన్సుకు అమెరికా నర్సింగ్ సంస్థలు కలిసి రాసుకున్న నమూనా) ప్రకారం స్కోప్‌ని తేల్చేది పేషెంట్ అవసరం, పనిచేసే చోటు కాదు. మరి ఆసుపత్రుల్లో ఎఫ్‌ఎన్‌పీలు కనిపిస్తున్నారేం అంటారా? కొన్నిచోట్ల తీసుకుంటారు. రాష్ట్రం మారితే లెక్క మారుతుంది.

అపోహ: కార్డియాలజీ, డెర్మటాలజీకి వేరే లైసెన్సు ఉంటుంది.

వాస్తవం: ఉండదు. ఫ్యామిలీ, అడల్ట్-జెరంటాలజీ, పీడియాట్రిక్స్, నియోనేటల్ (అప్పుడే పుట్టిన పిల్లలు), విమెన్స్ హెల్త్, సైకియాట్రీ. లైసెన్సు వీటిలోనే. మిగతాది ఉద్యోగంలో చేరాక నేర్చుకునేదే.

అపోహ: సైకియాట్రీ అయితే ఇంట్లో కూర్చుని హాయిగా చేసుకోవచ్చు.

వాస్తవం: వీడియో విజిట్లు ఉన్నమాట నిజమే. కానీ లిథియం వాడే మనిషికి రక్తంలో మందు స్థాయి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చూసుకోవాల్సింది మీరే. “చచ్చిపోవాలనుంది” అని తెర మీద ఒకరు చెబితే, ఆ క్షణాన వాళ్లు ఏ అడ్రసులో ఉన్నారో కూడా మీకు తెలిసుండాలి.

అపోహ: తప్పు ట్రాక్ ఎంచుకుంటే మళ్లీ మొదటినుంచీ చదవాలి.

వాస్తవం: పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ (ఉన్న డిగ్రీ మీద ఇంకో ట్రాక్ కలుపుకునే కోర్సు) ఉంది. పాత కోర్సులు కొన్ని లెక్కలోకి వస్తాయి. కొత్త ట్రాక్ క్లినికల్ గంటలు మాత్రం మళ్లీ చేయాల్సిందే, బోర్డు పరీక్ష కూడా. నేను అలాగే ఐసీయూకి తిరిగొచ్చాను, రెండోసారి ఫీజు కట్టి. మీరు మాత్రం చేరకముందే, కోరుకున్న ఉద్యోగాల ప్రకటనలు ఒక పది తెరిచి, “సర్టిఫికేషన్” అన్న చోట ఏం అడుగుతున్నారో చదవండి.