నీళ్లలో పడ్డ ఆకు ఏమవుతుంది?

పిల్లలూ,

చెరువు అడుగు మట్టి అంత నల్లగా ఎందుకుంటుంది, కాలు దిగబడితే ఆ కుళ్లు వాసన ఎందుకొస్తుంది అని ఫోన్‌లో అడిగారు. రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

గట్టు మీది చెట్ల ఆకులు, నాచు, గుర్రపుడెక్క, చచ్చిన పురుగులు ఏడాది పొడుగునా నీళ్లలో పడుతూనే ఉంటాయి. బ్యాక్టీరియా ముందు వాటిలోని చక్కెరలు, పిండి పదార్థం, మాంసకృత్తులు తినేస్తుంది. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్, ఆకుల్లో వగరుగా ఉండే టానిన్ అంత తేలిగ్గా అరగవు. అవి సగం సగం విరిగి, మారి, నీళ్లలో కరిగి గోధుమ రంగు పదార్థంగా మిగులుతాయి. దీన్ని హ్యూమిక్ పదార్థం అంటారు. దీనికి ఒక ఫార్ములా రాయమంటే ఎవరూ రాయలేరు, ఎందుకంటే ఇది ఒక పదార్థం కాదు, రకరకాల అణువుల గుంపు. 1786లోనే అచార్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త బురద నేలల్లోని పీట్ మట్టిని క్షారంలో కరిగించి, ఆమ్లం కలిపి ఈ నల్లటి మడ్డిని వేరు చేశాడు. ఇప్పటికీ ల్యాబుల్లో దాదాపు అదే పద్ధతి. ఆమ్లం కలిపితే అడుక్కి దిగేది హ్యూమిక్ ఆమ్లం, కరిగే ఉండిపోయేది ఫల్విక్ ఆమ్లం.

దీన్ని మీరే చూడొచ్చు. ఎండి రాలిన బాదం ఆకు ఒకటి గాజు గ్లాసు నీళ్లలో రెండు రోజులు వదిలేయండి. నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. గుడ్డలో వడకట్టినా ఆ రంగు పోదు. ఇప్పుడు అందులో తుప్పు పట్టిన మేకు వేసి చూడండి, నీళ్లు మెల్లగా నలుపెక్కుతాయి. ఆకులోంచి వచ్చిన అణువులు ఇనుమును పట్టుకున్నాయన్నమాట. మన కాళహస్తి కలంకారీలో నల్ల గీత వచ్చేది ఇలాగే. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరేస్తారు. పాత ఇనుము, బెల్లం కలిపి మురగబెట్టిన నీళ్లతో దాని మీద గీస్తే, కరక్కాయ టానిన్, ఇనుము కలిసి నలుపు తేలుతుంది. నదుల్లోనూ ఈ సేంద్రియ పదార్థం ఇనుము, రాగి లాంటి లోహాలను పట్టుకుని దూరాలకు మోసుకుపోతుంది. బ్రెజిల్‌లో రియో నెగ్రో అనే నది అడవి ఆకుల సారంతో నల్లగా పారుతుంది. మనౌస్ నగరం దగ్గర బురద రంగు సోలిమోయిస్ నదితో కలిశాక కూడా రెండు రంగులూ కొన్ని కిలోమీటర్లు విడివిడిగానే కనిపిస్తాయి.

ఇక మీ నల్ల బురద. చెరువు అడుగు మట్టిలోకి ఆక్సిజన్ కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది. ఆ కిందున్న బ్యాక్టీరియాకు తిండి ఉంది, గాలి లేదు. అందుకని ఆక్సిజన్ బదులు నైట్రేట్‌ను, అదీ అయిపోతే మాంగనీసును, తుప్పులోని ఇనుమును, తర్వాత సల్ఫేట్‌ను వాడుకుంటుంది. సల్ఫేట్ దగ్గరికొచ్చేసరికి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. అది ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్. ఆ బురద ముద్ద ఒకటి తీసి గట్టు మీద పెట్టండి. గాలి తగిలిన పైపొర క్రమంగా గోధుమ రంగుకు మారుతుంది, విరిచి చూస్తే లోపల ఇంకా నలుపే ఉంటుంది. సముద్రపు నీళ్లలో సల్ఫేట్ బాగా ఎక్కువ కాబట్టి కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో ఈ వాసన ఇంకా ఘాటు. మంచినీటి చెరువుల్లో సల్ఫేట్ తొందరగా అయిపోయి మీథేన్ అనే మండే వాయువు తయారవుతుంది. కర్రతో కెలికితే పైకొచ్చే బుడగలు చాలావరకు అవే. 1776లో వోల్టా అనే శాస్త్రవేత్త ఇటలీలోని మజ్జోరె సరస్సులో ఇలాగే కెలికి, ఆ వాయువును పట్టి, అంటించి చూశాడు. మీరు కెలికితే చాలు, అంటించొద్దు.

మన రైతులు వేసవిలో చెరువు పూడిక మట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకునేది ఊరికే కాదు. అందులో బంకమన్ను, ఈ సేంద్రియ పదార్థం కలిసి ఉంటాయి. ఇసుక నేల కూడా దాంతో తడి నిలుపుకుంటుంది.

నేను ఉద్యోగమంతా నీళ్ల శుద్ధి ల్యాబ్‌లో చేశాను కాబట్టి ఈ చివరి సంగతి చెప్పకుండా ఉండలేను. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో రూక్ అనే రసాయన శాస్త్రవేత్త, నది నీళ్లలో క్లోరిన్ కలిపితే ఈ గోధుమ పదార్థంతో అది చర్య జరిపి క్లోరోఫామ్ లాంటివి పుడుతున్నాయని చూపించాడు. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే అవి మంచివి కావు. అలాగని క్లోరిన్ మానేస్తే కలరా, టైఫాయిడ్ వస్తాయి, అది అంతకన్నా పెద్ద ముప్పు. అందుకే క్లోరిన్‌కు ముందే ఆ పదార్థాన్ని వీలైనంత తీసేయాలి. పటిక చేసే పని అదే. ఆ అణువుల మీద రుణావేశం ఉంటుంది, పటికలోని అల్యూమినియం మీద ధనావేశం. రెండూ అతుక్కుని పీచుపీచుగా ముద్దకట్టి అడుక్కి దిగుతాయి. వానాకాలం కొత్త నీరు రాగానే మేం ఆరు బీకర్లలో ఆరు మోతాదుల పటిక వేసి, కలిపి, దేంట్లో నీళ్లు బాగా తేటపడ్డాయో చూసేవాళ్లం. జార్ టెస్ట్ అంటాం దాన్ని. నిన్నటి మోతాదు ఇవాళ సరిపోయేది కాదు, పైన అడవిలో వాన పడిందంటే మళ్లీ బీకర్లు కడుక్కోవాల్సిందే.

మీ తాతయ్య