సీడీల దొంతరను యంత్రానికి అప్పగించే ముందు

ఒక సీడీలోని పాటలను కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం చాలామందికి తెలిసిన పనే. డిస్కును డ్రైవులో పెట్టి, నాలుగైదు నిమిషాలు ఆగి, తిరిగి తీసి డబ్బాలో సర్దుకుంటే సరిపోతుంది. అదే పని వెయ్యి డిస్కులకు చేయవలసి వస్తే లెక్క మారిపోతుంది. డిస్కుకు ఐదు నిమిషాల చొప్పున వేసుకున్నా మొత్తం 83 గంటలకు పైగా పడుతుంది. కుదురుగా కూర్చుని చేయడానికి అందులో పని ఉండదు, లేచి వెళ్లి మరో పని చూసుకోవడానికి వ్యవధీ ఉండదు. పెద్ద సేకరణలున్న గ్రంథాలయాలు, రేడియో కేంద్రాలు, సంగీతాభిమానులు ఆటోమేటిక్ డిస్క్ లోడర్‌ను ఆశ్రయించేది ఇందుకే. ఒక దొంతర డిస్కులను దానికి అందిస్తే, ఒక్కొక్కటిగా డ్రైవులో పెట్టి, చదవడం పూర్తయ్యాక తీసి పక్కన పేరుస్తుంది. అయితే లోడర్ చేసేది ఆ పెట్టి తీయడం ఒక్కటే. డ్రైవు చదివింది సరిగ్గానే చదివిందా, చదివిన డిస్కు ఏది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికే ఏర్పాటు మనం ముందే చేసి పెట్టుకోకపోతే, ఆ యంత్రం తప్పులను కూడా అంతే ఓపికగా పోగుచేసి పెడుతుంది.

మొదటి ప్రశ్న ఎందుకు పుడుతుందో తెలియాలంటే సీడీ లోపల ఏముందో కొంచెం చూడాలి. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి 1980లో రూపొందించిన ప్రమాణం ప్రకారం సీడీ వ్యాసం 120 మిల్లీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. ఆ పాలీకార్బొనేట్ బిళ్ళ పైతట్టున సన్నని గుంతల వరుస ఒకటి లోపలి అంచు నుంచి బయటి అంచుకు సర్పిలంగా సాగుతుంది. దీన్నే ట్రాక్ అంటారు. ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. గుంతల మీద అల్యూమినియం పూత, దాని మీద వార్నిష్ లాంటి పలుచని రక్షణ పొర, ఆ పైన ముద్రించిన పేర్లు, బొమ్మలు ఉంటాయి. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ లేజర్ కింది నుంచి పాలీకార్బొనేట్ మందమంతా దాటి వచ్చి ఆ గుంతలను చదువుతుంది. అందుకే మెరిసే వైపు పడిన గీత కన్నా పేరు ముద్రించిన వైపు పడిన గీత ప్రమాదకరం. మెరిసే వైపు గీత పడితే సమాచారానికీ దానికీ మధ్య ఒక మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ ఉంటుంది. పైవైపు గీత పడితే సమాచారం మోసే అల్యూమినియమే లేచిపోవచ్చు. చాలామంది ఇందుకు తలకిందులుగా జాగ్రత్త పడుతుంటారు.

శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, కుడి ఎడమలకు విడివిడిగా 16 బిట్ల సంఖ్యలుగా మార్చి సీడీలో నింపుతారు. అంటే సెకనుకు 1,76,400 బైట్లు. ఈ ప్రవాహాన్ని సెకనుకు 75 సెక్టార్లుగా విభజిస్తారు. ఒక్కో సెక్టారులో 2,352 బైట్ల శబ్దం ఉంటుంది. దుమ్ము, గీతలు, వేలిముద్రలు తప్పవని రూపకర్తలకు తెలుసు కనుక రీడ్-సాలమన్ సంకేతాలతో రెండు అంచెల దోష సవరణను అమర్చారు. పక్కపక్క బైట్లను ఒకేచోట రాయకుండా దూరదూరంగా వెదజల్లి రాయడం ఇందులోని కీలకం. గీత పడి ఒకచోట వరుసగా పోయిన బైట్లు, తిరిగి క్రమంలో పేర్చుకున్నప్పుడు చాలా చోట్ల ఒక్కొక్కటిగా పోయినట్లు తేలుతాయి. అలాంటి చిన్న లోటును అదనంగా రాసిన సంకేతాల సాయంతో పూడ్చవచ్చు. ట్రాక్ పొడవునా దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం పోయినా, ఈ పద్ధతి దాన్ని ఒక్క బిట్ తేడా లేకుండా తిరిగి ఇవ్వగలదు.

ఆ హద్దు దాటితే ఏమవుతుందన్నదే అసలు చిక్కు. పాట వినిపించే ప్లేయర్ అలాంటి చోట ముందు విలువనూ తర్వాతి విలువనూ చూసి, మధ్యది ఊహించి నింపేస్తుంది. వినేవారికి తేడా తెలియకపోవచ్చు. భద్రపరచడానికి చదువుతున్నప్పుడు మాత్రం ఆ ఊహ ఒక అబద్ధంగా ఫైలులో శాశ్వతంగా కూర్చుంటుంది. కంప్యూటర్ ఫైళ్ల కోసం తయారైన సీడీ-రామ్‌లో సెక్టారుకు 2,048 బైట్లే సమాచారానికి కేటాయించి, మిగిలిన చోటులో మూడో అంచె దోష సవరణను, సెక్టారు చిరునామాను రాస్తారు. సంగీతపు సీడీలో ఈ మూడో అంచె లేదు. చిరునామా కూడా శబ్దంతో కలిసి ఉండదు, పక్కన సాగే సబ్‌చానెల్‌లో ఉంటుంది. కనుక ఫలానా సెక్టారు నుంచి చదవమని అడిగితే పాత డ్రైవులు దానికి కాస్త ముందో వెనకో నుంచి మొదలుపెట్టేవి. ఒక ముక్క చదివి ఆగి, మళ్లీ అందుకునేటప్పుడు అతుకు సరిగ్గా కుదరక చిటుక్కుమనే శబ్దం వచ్చేది. సీడీపారనోయా వంటి సాఫ్ట్‌వేర్ ముక్కలను కొంత కొంత ఒకదానిపై ఒకటి పడేలా చదివి, ఉమ్మడి భాగాన్ని పోల్చి అతికించడం నేర్చుకున్నది ఇందుకే.

చేత్తో చేసేటప్పుడు ఈ కష్టాలన్నీ మన కళ్ల ముందే జరుగుతాయి. డ్రైవు గరగరలాడితే వింటాం, ఆపుతాం, డిస్కు తీసి తుడుస్తాం. రాత్రంతా ఎవరూ లేని గదిలో పనిచేసే లోడర్‌కు ఆ చెవి లేదు.

యంత్రం కదలిక చూడటానికి ముచ్చటగా ఉంటుంది. లోడర్లలో ప్రధానంగా రెండు రకాలు. ఒక రకంలో చిన్న చేయి నిలువుగా కిందికి దిగి, దొంతరలోని పై డిస్కును నడిమి రంధ్రం అంచున వేళ్లతో పట్టుకునో రబ్బరు మూతితో గాలి పీల్చి పట్టుకునో పైకి లేపుతుంది. డ్రైవు తెరిచిన పళ్లెంలో వదులుతుంది. రెండో రకంలో దొంతర డ్రైవుకు పైన ఉంటుంది; అడుగున ఉన్న డిస్కును వేరుచేసి, దాని బరువుతోనే పళ్లెంలోకి జారవిడుస్తారు. నింబీ అనే పేరుతో దొరికే 100 డిస్కుల యంత్రం ఈ రెండో రకానిది. నూరు సీడీల దొంతర ఎత్తు 12 సెంటీమీటర్ల పైచిలుకే కనుక యంత్రం బల్ల మీద ఒక మూలన ఇమిడిపోతుంది. ఈ రెండు రకాల మధ్య పైకి కనిపించని తేడా ఒకటి ఉంది. పై నుంచి తీసే యంత్రంలో మొదట చదివిన డిస్కు రెండో దొంతరలో అడుగుకు చేరుతుంది, అంటే వరుస తలకిందులవుతుంది. అడుగు నుంచి జారవిడిచే యంత్రంలో మొదట వచ్చినదే మళ్లీ అడుగున ఉంటుంది, వరుస నిలుస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే తిరిగి డబ్బాల్లో సర్దే వేళ ప్రతి డిస్కునూ వెతుక్కోవాలి.

యంత్రాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఒకదానికొకటి అంటుకుపోయిన డిస్కులు. చాలా సీడీల మధ్య భాగంలో, రంధ్రానికి కొంచెం ఇవతల, వేలికి తగిలే సన్నని గట్టు ఒకటి ఉంటుంది. దొంతరగా పేర్చినప్పుడు డిస్కుల ముఖాలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా, గాలి ఆడేలా ఆ గట్టు కాస్త ఎడం నిలుపుతుంది. డిస్కు మీద తేమ, జిగురు, పాత స్టిక్కర్ల బంక ఉంటే ఆ ఎడం పనిచేయదు. రెండు డిస్కులు కలిసి లేస్తాయి, లేదా రెండూ ఒకేసారి పళ్లెంలో పడి డ్రైవు మూసుకోకుండా ఇరుక్కుంటుంది. ఆ రాత్రికి ఇక పని సాగదు. అందుచేత దొంతర పేర్చే ముందు ప్రతి డిస్కును వెలుతురులో ఒకసారి తిప్పి చూసి, మెత్తని పొడి గుడ్డతో నడిమి నుంచి అంచువైపు నిలువుగా తుడవడం మంచిది. గుండ్రంగా తుడిస్తే ఏర్పడే గీత ట్రాక్ వెంబడే సాగి, సవరణకు లొంగనంత పొడవైన లోటును మిగల్చవచ్చు. నిలువు గీత ఒక్కో చుట్టును ఒక్క చోట మాత్రమే కోస్తుంది. కాగితపు స్టిక్కర్లు అంటించిన డిస్కులను, 8 సెంటీమీటర్ల బుల్లి సీడీలను, గుండ్రంగా కాక వింత ఆకారాల్లో కోసిన డిస్కులను దొంతరలో కలపకూడదు. అవి చేత్తో చదవవలసినవే.

ఇక చదివే సాఫ్ట్‌వేర్ సంగతి. లోడర్ వేరు, డ్రైవు వేరు. పళ్లెం తెరవమని డ్రైవుకు, డిస్కు వదలమని లోడర్‌కు, మూయమని మళ్లీ డ్రైవుకు ఆజ్ఞలు వరుసగా పంపుతూ రెండింటినీ నడిపించేది సాఫ్ట్‌వేరే. అది తీసుకోవలసిన అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం, ఒక డిస్కును ఎంతసేపు పట్టుకుని వేలాడాలి అన్నది. జాగ్రత్తగా చదివే పద్ధతిలో ప్రతి భాగాన్నీ కనీసం రెండుసార్లు చదివి పోలుస్తారు. తేడా వస్తే ఒకే ఫలితం తగినన్నిసార్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదువుతారు. డ్రైవు, ఇంతకు ముందు చదివింది తాత్కాలికంగా దాచుకునే తన క్యాష్ జ్ఞాపకంలోంచి పాత జవాబునే తిరిగి ఇస్తే ఆ పోలికకు అర్థం లేదు కనుక, క్యాష్‌ను ఖాళీ చేయించి మరీ చదివించాలి. గీతలు పడిన ఒక్క డిస్కు ఈ పద్ధతిలో గంటల కొద్దీ తినేయగలదు. ముందు రోజు సాయంత్రం నూరు డిస్కులు పెట్టి, ఉదయం వచ్చి చూస్తే పదకొండో డిస్కు దగ్గరే డ్రైవు ఇంకా పెనుగులాడుతూ ఉండవచ్చు. డిస్కుకు ఒక గడువు పెట్టి, అది దాటగానే తిరస్కరించి వేరే చోట పడేయమని యంత్రానికి చెప్పడమే మేలు. మంచి డిస్కులు ముందు పూర్తవుతాయి, మొండివి ఒకచోట చేరతాయి. దొంతరతో చేసే పనిలో పట్టుదల కన్నా వదిలిపెట్టడం తెలిసిన సాఫ్ట్‌వేరే నా దృష్టిలో మెరుగైనది.

రెండుసార్లు ఒకేలా చదివినంత మాత్రాన అది సరైనదని రుజువు కాదు. ఒకే గీత దగ్గర ఒకే డ్రైవు రెండుసార్లూ ఒకే విధంగా పొరబడవచ్చు. ఈ అనుమానాన్ని తీర్చే ఉపాయం అక్యురేట్‌రిప్ అనే ఉమ్మడి సమాచార నిధి. అదే ఆల్బమ్‌ను వేరేవారు, వేరే డ్రైవుల మీద, వేరే ప్రతుల నుంచి చదివినప్పుడు వచ్చిన చెక్‌సమ్‌లు, అంటే చదివిన బైట్లన్నిటి నుంచి లెక్కకట్టిన గుర్తింపు సంఖ్యలు, అందులో ఉంటాయి. మన చెక్‌సమ్ వాటితో కలిస్తే పొరపాటుకు దాదాపు తావు లేదు, ఎందుకంటే వేర్వేరు డిస్కుల మీద వేర్వేరు గీతలు ఒకే తప్పును పుట్టించలేవు. దీనికి ముందు ఒక చిన్న సర్దుబాటు అవసరం. ప్రతి మోడల్ డ్రైవూ శబ్దాన్ని ఒక స్థిరమైన శాంపిళ్ల (సెకనుకు 44,100 చొప్పున తీసిన కొలతల) సంఖ్య మేరకు పక్కకు జరిపి ఇస్తుంది. కొన్నింటిలో ఆ జరుగుబాటు 6 శాంపిళ్లు, మరికొన్నింటిలో 667. ఆ 667 కూడా సెకనులో 66వ వంతే, చెవికి ఏమాత్రం తెలియదు. కానీ చెక్‌సమ్‌కు ఒక్క శాంపిల్ జరిగినా అంతా మారినట్లే. డ్రైవు తేడాను సాఫ్ట్‌వేర్‌కు ముందుగా చెప్పి ఉంచాలి. ఈ పోలికలకు మరో ఉపయోగం ఉంది. వందల డిస్కులు చదివిన డ్రైవు లేజర్‌కు దుమ్ము పడుతుంది, కదిలే భాగాలు అరుగుతాయి. కలిసే చెక్‌సమ్‌ల సంఖ్య ఒక్కో దొంతరకూ తగ్గుతూ వస్తుంటే అనుమానించవలసింది డిస్కులను కాదు, డ్రైవును.

చదివిన శబ్దాన్ని ఫ్లాక్ రూపంలో దాచుకోవడం ఇప్పుడు దాదాపు అందరూ పాటించే పద్ధతి. 2001 నుంచి వాడుకలో ఉన్న ఈ రూపం శబ్దంలో ఏమీ పోగొట్టకుండా పరిమాణాన్ని చాలావరకు సగానికి అటూఇటూగా కుదిస్తుంది. గంట నిడివి సీడీలో 63.5 కోట్ల బైట్లుంటాయి. అలాంటివి వెయ్యింటిని కుదిస్తే ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులో సగం కూడా నిండకపోవచ్చు. కుదించక ముందున్న శబ్దపు ఎండీ5 విలువను (అదీ ఒక రకం చెక్‌సమే) ఫ్లాక్ ఫైలు తన తలభాగంలోనే మోసుకుని తిరుగుతుంది కనుక, ఏళ్ల తర్వాత కూడా ఫైలు చెడిందా లేదా అని ఎప్పుడంటే అప్పుడు పరీక్షించుకోవచ్చు.

రెండో ప్రశ్న, ఆ డిస్కు ఏది అన్నది, నిజానికి ఎక్కువ శ్రమ పెట్టేది. మామూలు సీడీలో పాటల పేర్లు ఉండవు. వాటి కోసం 1996లో వచ్చిన సీడీ-టెక్స్ట్‌ను వాడిన డిస్కులు తక్కువే. కనుక సాఫ్ట్‌వేర్ ఒక్కో పాట ఏ సెక్టారు దగ్గర మొదలవుతుందో చూసి, ఆ సంఖ్యల పట్టిక నుంచి ఒక గుర్తింపును లెక్కకట్టి, ఇంటర్నెట్‌లోని జాబితాల్లో వెతుకుతుంది. 2020లో మూతపడిన ఫ్రీడీబీ వాడిన పొట్టి గుర్తింపు ఒకే విలువ కింద వేర్వేరు ఆల్బమ్‌లను చూపించేది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ వాడే పొడవైన గుర్తింపులో ఆ చిక్కు చాలా తక్కువ. అయినా జాబితాలో లేని డిస్కులు ఉంటాయి, ఒకే గాయకుడి పేరు నాలుగు రకాల అక్షరక్రమాల్లో ఉంటుంది, రెండు డిస్కుల సంపుటిలో ఏది మొదటిదో తెలియదు. చేత్తో చేసేటప్పుడు డబ్బా పక్కనే ఉంటుంది కనుక వెంటనే దిద్దుకుంటాం. లోడర్‌లో డిస్కులు డబ్బాల నుంచి విడిపోయి వెళ్తాయి. అందుకని దొంతర పేర్చే క్రమంలోనే ఒక్కో డబ్బా ముఖచిత్రాన్నీ డిస్కు ముఖాన్నీ కలిపి ఫొటో తీసి, దొంతరకు ఒక సంఖ్య ఇచ్చి, డబ్బాలను అదే వరుసలో పక్కన ఉంచితే, పేరు దొరకని 37వ ఫైలు ఏ డిస్కుదో ఉదయాన ఒక్క చూపులో తెలుస్తుంది. దొంతరను 100 దాకా నింపే వీలున్నా 50 దగ్గర ఆపడం నాకు సబబుగా తోస్తుంది. వరుస ఒకచోట తప్పితే సరిచూసుకోవలసిన మేర సగమవుతుంది.

చివరికి తిరస్కరించిన డిస్కులు మిగులుతాయి. వాటిలో కొన్ని గోరువెచ్చని నీళ్లతో, చుక్క సబ్బుతో కడిగి ఆరబెడితే చాలు. కొన్ని మరో తయారీదారు డ్రైవులో, తక్కువ వేగంతో తేలిగ్గా చదువుకుంటాయి, ఎందుకంటే ఒక్కో డ్రైవు లేజర్ ఒక్కో రకం లోపాన్ని తట్టుకుంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే అల్యూమినియం పొరలో సూది మొనలంత రంధ్రాలు కనిపించేవి, అంచుల నుంచి కంచు రంగుకు తిరిగినవి కొన్ని ఉంటాయి; పూత రసాయనికంగా చెడిపోతున్న ఆ డిస్కులను ఆలస్యం చేయకుండా అన్నిటికన్నా ముందు చదవాలి. అప్పటికీ కొద్ది తప్పులు మిగిలితే మరో దారి ఉంది. క్యూటూల్స్ సమాచార నిధి చెక్‌సమ్‌లతో పాటు చాలా ఆల్బమ్‌లకు రీడ్-సాలమన్ పద్ధతిలోనే లెక్కకట్టిన సవరణ సమాచారాన్ని కూడా దాచి ఉంచుతుంది. తప్పులు దాని హద్దుకు లోబడి ఉంటే, అదే ఆల్బమ్ మంచి ప్రతిని ఎక్కడో ఎవరో చదివినప్పుడు నమోదైన ఆ కొద్ది బైట్లతో మన ఫైలులోని లోటును ఉన్నదున్నట్లుగా పూడ్చుకోవచ్చు.