పాత ఫోను ఏ దారిన పోవాలి? పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులు చిన్నికి, బుజ్జిబాబుకి, మీ వీధిలో మీతో ఆడుకునే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మీద పాత చార్జర్లు, రిమోట్లు, చెడిపోయిన డీవీడీ ప్లేయరు, వైర్ల చుట్ట దొరికాయనీ, వాటిని భోగిమంటలో వేసేయొచ్చా అనీ ఫోన్లో అడిగారు. వద్దు. ఒక్క వైరు ముక్క కూడా వేయొద్దు. ఫోన్లో ఆ మాట చెప్పి ఊరుకుంటే కారణం మీకు తెలియదు. టీవీలు, రేడియోలు బాగుచేసి బతికినవాణ్ని కదా, వాటి లోపల ఏముంటుందో మీకు చెప్పాల్సింది నేనే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

భోగిమంటలో పిడకలు, తాటాకులు, ఎండిన కొమ్మలు కాలితే చివరికి బూడిద మిగులుతుంది. వైరు సంగతి వేరు. దాని తొడుగు పీవీసీ అనే ప్లాస్టిక్కు, అందులో క్లోరిన్ ఉంటుంది. అది బయట మంటలో సగం సగం కాలినప్పుడు డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. లోపల ఉన్న రాగి ఆ విషాలు పుట్టడానికి ఇంకా సాయం చేస్తుంది. డయాక్సిన్లు గాలిలో కలిసి పోయేవి కావు. మట్టిలో, గడ్డిలో, ఆ గడ్డి మేసిన గేదె పాలలో, ఆ పాలు తాగిన మన ఒంటి కొవ్వులో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. సర్క్యూట్ బోర్డు కాలితే ఇంకో చిక్కు. పాత బోర్డుల మీద టంకంలో సీసం ఉంటుంది. అది పొగలోకి కొంత, బూడిదలోకి కొంత చేరుతుంది. ఆ మంట మీదే కదా నీళ్ళు కాచి మీకు తలంటు పోసేది! ఆ బూడిదే కదా కొన్ని ఇళ్ళలో పిల్లల నుదుట పెట్టేది!

సీసం గురించి ఒక మాట గుర్తుంచుకోండి. ఇంతవరకైతే ఫరవాలేదు అని చెప్పగలిగిన మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దవాళ్ళ కన్నా పిల్లల ఒంటికి అది ఎక్కువగా పడుతుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. చదువు ఎక్కకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం లాంటివి దానివల్ల రావచ్చు. వెనక డబ్బాలా ఉబ్బెత్తుగా ఉండే పాత టీవీలు చూసే ఉంటారు. వాటి పిక్చర్ ట్యూబు గాజులో సీసం గ్రాముల్లో కాదు, కిలోల్లో ఉంటుంది. గాజు పగలనంత వరకు అది అందులోనే ఉంటుంది కాబట్టి టీవీ హాల్లో ఉన్నన్నాళ్ళూ మనకు భయం లేదు. రాగి కోసం ఎవరో ట్యూబును సుత్తితో పగలగొట్టిన రోజున కథ మారుతుంది. పాత ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది. కొన్ని పాత చార్జింగ్ బ్యాటరీల్లో కాడ్మియం అనే విషలోహం ఉంటుంది. ఈ వస్తువులేవీ చెడ్డవి కావు, వాటితోనే నేను సంసారం ఈదాను. వాడుతున్నప్పుడు కాక, పారేసిన తర్వాతే ఇవి మనుషులకు హాని చేస్తాయి.

ఇంత విషం ఉన్న సరుకును జనం ఎందుకు కొంటారని మీకు అనుమానం రావచ్చు. అందులో రాగి ఉంది, వెండి ఉంది, బంగారం కూడా ఉంది! ఒక్క ఫోనులో కంటికి ఆననంత కొంచెమే. లక్షల ఫోన్లు పోగైతే మాత్రం లెక్క వేరు. టోక్యో ఒలింపిక్స్ కోసం జపాన్ వాళ్ళు 2017 నుంచి 2019 దాకా దేశమంతటా పాత వస్తువులు సేకరించారు. 62 లక్షల ఫోన్లు, వాటితోపాటు ఇంకా ఎన్నో పరికరాలు వచ్చాయి. వాటిలోంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు తీశారు. ఆ క్రీడల్లో ఇచ్చిన సుమారు 5,000 పతకాలూ ఆ లోహంతో చేసినవే. మన నీరజ్ చోప్రా మెడలో పడిన బంగారు పతకం కూడా అలా వచ్చిందే. మన హైదరాబాద్ చర్లపల్లిలో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. పాత సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను సురక్షితంగా తీసే పద్ధతుల మీద అక్కడ పనిచేస్తున్నారు. మీలో ఎవరికైనా కెమిస్ట్రీ మీద మక్కువ ఉంటే ఇది మంచి చదువు అవుతుంది.

సరిగ్గా తీస్తే పతకం అవుతుంది. సరిగ్గా తీయకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. "పాత సామాన్లు కొంటాం" అని మైకులో అరుస్తూ వచ్చే ఆటోలో మనం వేసిన మిక్సీ, ఫోను తుక్కు గోదాముకు చేరతాయి. అక్కడ పనికొచ్చే భాగాలు విడదీస్తారు, మిగిలింది చేతులు మారుతూ పోతుంది. ఇలాంటి సరుకు దేశం నలుమూలల నుంచి చేరే చోటు ఢిల్లీలోని సీలంపూర్. బోర్డులు కాల్చడానికి పేరుపడ్డ ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్. ఇత్తడి పనికి పేరున్న ఆ ఊళ్ళో రామగంగ నది ఒడ్డున నల్లటి బూడిద గుట్టలుగా పడితే పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ కలగజేసుకోవాల్సి వచ్చింది. చేతికి తొడుగు లేకుండా, ముక్కుకు గుడ్డ లేకుండా యాసిడ్ తొట్లలో బోర్డులు ముంచి బంగారం తీసేవాళ్ళలో, వైర్లు కాల్చేవాళ్ళలో మీ ఈడు పిల్లలూ ఉంటారు. అది తలచుకుంటే నాకు నిద్ర పట్టదు. అయినా మన వీధిలోకి వచ్చే పాత సామాన్ల అన్నను దోషిలా చూడకండి. మనం గుమ్మం బయట పడేసే ఇనుము, అట్ట, సీసాలు మళ్ళీ వాడుకలోకి వస్తున్నాయంటే అతని రెక్కల కష్టమే. ఇలాంటి పనివాళ్ళను గుర్తించి నమోదు చేయాలనీ, వాళ్ళకు నైపుణ్యం నేర్పాలనీ, ఆరోగ్యం కాపాడాలనీ చట్టమే రాష్ట్ర ప్రభుత్వాలకు చెప్పింది.

ఇక చట్టం సంగతి. భయపడకండి, అంత కష్టమేమీ కాదు.

1984లో భోపాల్‌లో విషవాయువు వేలమందిని బలిగొన్నాక, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. పారేసిన కరెంటు, ఎలక్ట్రానిక్ వస్తువులను ఈ-వ్యర్థాలు అంటారు, వాటి నిబంధనలు ఆ చట్టం కిందివే. మొదటివి 2011లో చేశారు, 2016లో మార్చారు. ఇప్పుడు నడుస్తున్నవి 2022 నవంబరులో ప్రకటించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చినవి. ఫోను, ఫ్రిజ్ మాత్రమే కాదు, బొమ్మలు, వైద్య పరికరాలు, సోలార్ పలకలతో కలిపి నూరుకు పైగా రకాల వస్తువులు ఈ జాబితాలో ఉన్నాయి. బ్యాటరీలకు 2022లోనే వేరే నిబంధనలు వచ్చాయి.

ఈ నిబంధనలన్నిటికీ మూలమైన మాట ఒకటుంది. వస్తువును తయారుచేసి అమ్మినవాడి బాధ్యత అమ్మడంతో తీరదు, ఆ వస్తువు చెడిపోయాక అది సరిగ్గా రీసైకిల్ అయ్యేదాకా అతనిదే. దీన్ని ఆఫీసుల్లో ఈపీఆర్ అంటారు. కంపెనీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. ఒక వస్తువు సగటు ఆయుష్షు పదేళ్ళు అనుకుందాం. పదేళ్ళ కిందట ఆ కంపెనీ అమ్మిన సరుకు బరువెంతో లెక్కతీసి, అందులో ఇంత శాతానికి రీసైక్లింగ్ చూపించాలి. ఆ శాతం 2023-24, 2024-25లకు 60. తర్వాతి రెండేళ్ళకు 70. 2027-28 నుంచి 80. కంపెనీ తానే ఫ్యాక్టరీ పెట్టనక్కర్లేదు. నమోదైన రీసైక్లరు తన దగ్గరికి వచ్చిన సరుకులోంచి బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం తీస్తే ఆ లెక్కన సర్టిఫికెట్లు పుడతాయి, వాటిని కంపెనీ కొనుక్కుంటుంది. అంటే విషం లేకుండా లోహం తీసే పనికి కొంత డబ్బు కంపెనీ జేబులోంచే రావాలి. నాకు ఈ ఆలోచన చాలా నచ్చింది. రేపు పారేశాక ఖర్చు తన మీదే పడుతుందని తెలిసినవాడు వస్తువును ఎక్కువ కాలం మన్నేలా, సులువుగా విప్పేలా చేసే అవకాశం ఉంది. కొత్త వస్తువుల్లో సీసం, పాదరసం 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం దాటకూడదని కూడా ఈ నిబంధనల్లోనే ఉంది. కొన్నిటికి మాత్రం మినహాయింపులు ఇచ్చారు.

లెక్క తప్పినా, దొంగ సర్టిఫికెట్లు చూపినా పర్యావరణ పరిహారం కట్టాలి. ఆ డబ్బు కట్టేసినంత మాత్రాన బాధ్యత తీరదు, మిగిలిన లక్ష్యం మూడేళ్ళ దాకా మెడ మీదే ఉంటుంది. పర్యావరణ చట్టాన్ని మీరితే 2024 ఏప్రిల్ నుంచి పదివేల నుంచి పదిహేను లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. చెత్తలో కలిసిపోయి ఎవరిదో తెలియని ఈ-వ్యర్థాలను ఏరి రీసైక్లరుకు చేర్చడం మున్సిపాలిటీ, పంచాయతీల పని.

మరి మన ఇంటి సంగతేమిటని అడుగుతారు. 2016 నిబంధనల్లో మామూలు వినియోగదారుడి బాధ్యత కూడా రాశారు. 2022 నిబంధనల్లో ఆ బాధ్యత ఇలాంటి వస్తువులు చాలా ఎక్కువగా వాడే సంస్థలకే, అదే పెద్ద వినియోగదారులకే మిగిలింది. అంటే మీ అమ్మ పాత ఫోనును పాత సామాన్ల ఆటోలో వేసిందని ఈ నిబంధనల కింద ఎవరూ జరిమానా వేయరు. వీధిలో చెత్త తగలబెట్టకూడదని ఘన వ్యర్థాల నిబంధనలున్నాయి, అది వేరే సంగతి. ఇంత పకడ్బందీ చట్టంలో ఇంటి గుమ్మం దగ్గర ఇలా ఖాళీ వదలడం నాకు లోటుగానే తోస్తుంది. సరుకు బయల్దేరేది మన ఇళ్ళ నుంచే కదా. ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పుడితే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమే అని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది.

అందుకని మీరు చేయగల పనులు చెబుతాను. ముందు ఆ వస్తువు నిజంగా చచ్చిందో లేదో చూపించండి. సగం మిక్సీలు బుష్‌తోనో కార్బన్ బ్రష్‌తోనో బాగవుతాయి. చార్జర్ పనిచేస్తుంటే పక్కింటివాళ్ళకు ఇవ్వండి. ఇక లాభం లేదనుకుంటే ఆ కంపెనీ వెబ్‌సైటులో వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉందేమో వెతకండి. కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్ల జాబితా ఉంటుంది. షాపులో ఎక్స్చేంజ్‌కి ఇస్తుంటే "ఇది ఎక్కడికి పోతుందండీ?" అని గట్టిగా అడగండి. ఫోను ఇచ్చే ముందు ఫోటోలు వేరే చోట దాచుకుని, అకౌంట్ల నుంచి బయటికొచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేయమని నాన్నకు గుర్తు చేయండి. ఇంట్లో చెత్తబుట్టకు దూరంగా ఒక అట్టపెట్టె పెట్టుకుంటే ఇవన్నీ ఒకచోట ఉంటాయి.

ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఆ పెట్టెలో వేయకండి. గుచ్చకండి, నొక్కకండి, చార్జింగ్ పెట్టకండి. లిథియం బ్యాటరీ నలిగితే అంటుకుంటుంది, చెత్త లారీల్లో మంటలు లేవడానికి అదొక కారణం. వెంటనే పెద్దవాళ్ళను పిలవండి. ట్యూబులైటు పగిలితే కిటికీలు తెరిచి కాసేపు గది బయట ఉండండి. చీపురుతో ఊడవనివ్వకండి. ముక్కలను మందపాటి అట్టతో ఎత్తి, మూత బిగుతుగా పట్టే సీసాలో వేయమని అమ్మకు చెప్పండి.

మీ చార్జర్ వెనక చిన్న అక్షరాల పక్కన చక్రాల చెత్తడబ్బా బొమ్మ మీద ఇంటూ గుర్తు ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. మామూలు చెత్తలో వేయకూడదని దాని అర్థం.

చివరగా మీ బడికి సంబంధించిన పని ఒకటి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా జాబితాలోని వస్తువులు వెయ్యి, అంతకుమించి వాడిన సంస్థను పెద్ద వినియోగదారు అంటారు. వాళ్ళు తమ ఈ-వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారుకో, బాగుచేసి అమ్మే సంస్థకో, రీసైక్లరుకో మాత్రమే ఇవ్వాలి, వేలంలో ఎవరికి పడితే వాళ్ళకు కాదు. ఒక్క బడికి అన్ని ఉండకపోవచ్చు. మీది పెద్ద విద్యాసంస్థ కింద నడిచే బడి కాబట్టి అన్ని శాఖలూ కలిపితే ఉండొచ్చు. కంప్యూటర్లు, మానిటర్లు, ప్రింటర్లు, టీవీలు, ఏసీలు, ట్యూబులైట్లు మీ శాఖలో ఎన్నున్నాయో సైన్సు టీచరు గారిని అడిగి రాసుకోండి. పాడైన కంప్యూటర్లను నిరుడు ఎవరికిచ్చారో కూడా మర్యాదగా అడగండి. లెక్క తేలాక నాకు పంపండి, ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఎలా రాయాలో మనం కలిసి చూద్దాం.

మీ
తాతయ్య