రస్సెల్ పాముల తోళ్ళు: అసలు మలుపు 1787లో రాసిన ఉత్తరం

ఇండోనేషియాలో దొరికిన ఆదిమానవుడు జావా మనిషి ఎముకలతో పాటు 28 వేలకి పైగా శిలాజాల్ని ఇండోనేషియాకి తిరిగిచ్చేస్తామని 2025 సెప్టెంబర్లో నెదర్లాండ్స్ ఒప్పుకున్నాక విశాఖలో మళ్ళీ ఆ పాత మాట లేచింది, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న మన పాముల తోళ్ళ సంగతేంటి అని. వాటిని సేకరించింది ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖలో ఉన్న స్కాట్లాండ్ డాక్టరు ప్యాట్రిక్ రస్సెల్. కంపెనీ ఆయన్ని ఏ ఉద్యోగంలో పెట్టుకుంది లాంటివి చాలామంది చదివినవే కాబట్టి వదిలేస్తున్నా.

నేను 1787 దగ్గర ఆగుతా. ఆ ఏడాది రస్సెల్ మద్రాసు గవర్నరుకి ఉత్తరం రాసాడు, కంపెనీ డాక్టర్లు పాముల్ని, వాటి వివరాల్ని సేకరించి పంపేలా అధికారికంగా అడగండి అని. ఏది విషప్పామో ఏది కాదో పోల్చుకోలేక జనం పోతున్నారు, అందుకు అడిగాడు, ఆ అవసరం నిజమే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఒక డాక్టరు సొంత ఆసక్తి సర్కారీ పనిగా మారాలని కోరింది అక్కడే. సర్కారు అడిగినప్పుడు పొలంగట్టు మీద పాముని పట్టి తెచ్చేవాడికి కాదనే వీలు ఎంత ఉంటుంది? ఈ రోజు గొడవంతా దీని చుట్టూనే అని నా నమ్మకం.

1796లో వచ్చిన ఆయన పాముల పుస్తకంలో రక్తపింజరి పేరు ఎలా ఉందో చూడండి, కాటుక రేకుల పొడ. వీపు మీద వరసగా గోధుమరంగు మచ్చలు, ఒక్కోదాని చుట్టూ కాటుక దిద్దినట్టు నల్ల అంచు, ఆ పాముని దగ్గర్నుంచి బాగా చూసినవాళ్ళు తప్ప ఆ పేరు పెట్టలేరు. కట్లపాముల జాతికి సైన్సు పెట్టిన బంగారస్ అనే పేరు కూడా మన బంగారు పాము నుంచి వెళ్ళిందే. ఆ పరిజ్ఞానం తెలుగువాళ్ళది. రక్తపింజరికి మాత్రం 1797లో రస్సెల్ పేరు పెట్టారు, ప్రాణానికి తెగించి పట్టుకొచ్చినవాడి పేరు మీద ఒక్క పామూ లేదు.

చేపలదీ ఇదే దారి. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో రస్సెల్ పుస్తకం వచ్చింది, అందులో చాలా చేపలకి జాలర్లు పిలిచే పేర్లే ఉన్నాయి. పారిస్‌లో కూర్చున్న ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త కువియే ఆ పుస్తకం ఆధారంగానే 1816లో ఒక చేపకి కనగుర్త అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఇప్పుడు తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే ఐస్ ముక్కల మధ్య నీలం ఆకుపచ్చ వీపులతో మెరుస్తూ గంపల్లో కనపడే కానాగంతలు అవే. ప్రపంచంలో ఎవరు ఆ చేప గురించి రాసినా ఆ పేరే రాయాలి, దాని టైప్ లోకాలిటీ అంటే మొదట వర్ణించిన చేప దొరికిన చోటు మన విశాఖ.

మ్యూజియం వాళ్ళ వాదన ఏంటంటే లండన్‌లో ఉండబట్టే ఆ తోళ్ళు ఇన్నాళ్ళు నిలిచాయి, పరిశోధకులెవరైనా వచ్చి చూడొచ్చు అని. సరే, కానీ వీసా, టికెట్టు, అక్కడ ఉండే ఖర్చు పెట్టుకుని ఇక్కడి పీహెచ్‌డీ పిల్లలు ఎంతమంది వెళ్ళగలరు?

చట్టం కూడా మన వైపు లేదు. జీవవనరుల వాడకం, లాభాల పంపకం మీద దేశాల మధ్య కుదిరి 2014లో అమల్లోకొచ్చిన నగోయా ప్రోటోకాల్ ఒప్పందం గానీ మన 2002 జీవవైవిధ్య చట్టం గానీ కంపెనీ కాలంలో పోయినవాటిని వెనక్కి తెప్పించలేవు. అటుపక్క నేచురల్ హిస్టరీ మ్యూజియంకి కూడా వర్తించే 1963 బ్రిటిష్ మ్యూజియం చట్టం దాని ట్రస్టీలు సేకరణలోవి ఇచ్చేయడానికి పెద్ద అడ్డు, అయితే అదే చట్టం అరువివ్వడానికి ఒప్పుకుంటుంది. అందుకే ముందు అడగాల్సింది దీర్ఘకాలం అరువు, ప్రతి తోలుకీ మంచి స్కాన్, లేబుల్ మీద తెలుగు పేరు. వాటితో పాటు మన దగ్గర గది కూడా సిద్ధం కావాలి, ఈ ఉప్పుగాలిలో 200 ఏళ్ళు దాటిన తోలు నిలవాలంటే ఆ గదిలో ఏసీ రాత్రీ పగలూ ఆగకూడదు.