పాత పికప్ తుప్పు: అపోహలు – వాస్తవాలు

"అన్నా, తుప్పు మొత్తం గీకేశాను, తుప్పును గట్టి పొరగా మార్చే మందు, అదే కన్వర్టర్, పూశాను, ప్రైమర్ వేసి పెయింట్ కూడా కొట్టాను. అయినా మళ్లీ పొక్కులొస్తున్నాయి. నకిలీ పెయింట్ అంటగట్టారేమో?"

టింకరింగ్ పనిలో ఉన్నవాడికి ఈ ప్రశ్న కొత్త కాదు. ఇంట్లో పాత పికప్ బాగుచేసుకుందామని సెలవు రోజులన్నీ ధారపోసినవాళ్లే ఎక్కువగా అడుగుతారు. చాలాసార్లు పెయింట్‌లో తప్పేమీ ఉండదు, తప్పంతా ఈ కింది నమ్మకంలో ఉంటుంది.

అపోహ: తుప్పు మీద మందు పూసి పెయింట్ వేస్తే తుప్పు ఆగిపోతుంది.

ఆగదు. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెట్టింపుకు మించి ఉబ్బుతుంది. రెండు రేకులు కలిసే అతుకు దగ్గర విడిపోయి నోరు తెరవడం చూసే ఉంటారు, అది తుప్పు లోపలి నుంచి తోయడం వల్లే. పైగా తుప్పు గుల్లగా ఉంటుంది. తేమనూ ఉప్పునూ పీల్చి పట్టుకుంటుంది. దాని మీద ఎంత ఖరీదైన పెయింట్ కొట్టినా, పెయింట్ అంటుకునేది తుప్పుకే తప్ప ఇనుముకు కాదు. పెచ్చు ఊడితే పెయింట్ కూడా దానితోపాటే వస్తుంది.

కన్వర్టర్ పనికిరాదని కాదు. అందులో టానిక్ ఆమ్లమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో ఉంటుంది. పలుచటి తుప్పును అది గట్టి పొరగా మారుస్తుంది. అయితే అది ఇంకినంత లోతే పనిచేస్తుంది. మందంగా పెచ్చులు కట్టిన చోట పూస్తే పైపొర నల్లబడుతుంది, కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. మీరు పూసిన చోట ఆరాక స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా ఒక గీత గీయండి. గీతలో మెరిసే ఇనుము కనిపిస్తే మంచిదే. ఎర్రటి పొడి రాలిందంటే మీ శ్రమంతా పైపూతకే పరిమితమైనట్టు.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. పికప్‌లో తుప్పు ఎక్కువగా మొదలయ్యేది మీకు కనిపించని వైపు నుంచి. తలుపుల అడుగు, తలుపు కింది పట్టీ, క్యాబిన్ వెనక మూలలు, తొట్టి చక్రాల మీది వంపు, ఇవన్నీ రెండు రేకుల మధ్య ఖాళీ ఉన్న పెట్టెల్లాంటివే. వాటికి అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. మట్టి, ఎండుటాకులు చేరి అవి పూడుకుపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి. లోపల రేకును తినేశాకే తుప్పు బయటికి పొక్కుగా కనిపిస్తుంది. అంటే మీరు చూసే పొక్కు తుప్పు చివరి దశ. దాన్ని బయటి నుంచి గ్రైండర్‌తో నున్నగా చేస్తే మిగిలిన కాస్త రేకూ పలుచబడుతుంది.

ఒక కుర్రాడు తన తండ్రి నడిపిన పికప్‌ను ఎంతో మోజుగా తీసుకొచ్చాడు. పెయింట్ అద్దంలా మెరుస్తోంది. ఒక్క క్యాబిన్ మూలలో మాత్రం సన్నటి పగులు. ఆ చోట అయస్కాంతం పెడితే అంటుకోలేదు. పగుల్లో స్క్రూడ్రైవర్ గుచ్చితే తేలిగ్గా దిగిపోయింది. పుట్టీ పెళ్ల ఊడొచ్చాక లోపల కుక్కిన పాత న్యూస్‌పేపరు బయటపడింది, తడిసి ఎర్రగా మారి ఉంది. పైన పటారం, లోన లొటారం. అంతకుముందెప్పుడో ఎవరో చేసిన మోసం అది, పాపం ఆ కుర్రాడు దాని మీదే రంగు వేసుకున్నాడు. అతని ముఖం చూసి నాకే మాట రాలేదు.

పుట్టీ నీళ్లు పీలుస్తుంది. సొట్టలు సరిచేయడానికే అది, చిల్లులు పూడ్చడానికి కాదు. చిల్లి పడిందంటే దారి ఒక్కటే: మంచి మందమున్న ఇనుము తగిలేదాకా కోసేయాలి, కొత్త రేకు అతకాలి. బాడీ రేకు మందం మామూలుగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. అందుకే మిగ్ వెల్డింగ్‌లో (గన్ నుంచి వైరు వస్తూ కరిగి అతికే రకం) 0.6 ఎం.ఎం. వైరు వాడండి. ఒకేసారి గీత లాగకుండా, దూరదూరంగా చుక్కలు పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. తొందరపడితే రేకు వంకర్లు తిరుగుతుంది. తలుపు కింది పట్టీ మొత్తం కోస్తున్నారా? ముందు తలుపు సందుకు అడ్డంగా ఇనుప కడ్డీలు తాత్కాలికంగా అతికించుకోండి. లేదంటే క్యాబిన్ కుంగిపోయి ఆ తర్వాత తలుపు పడదు.

అపోహ: ప్రైమర్ కొట్టి వదిలేస్తే బండి భద్రం.

మామూలు బూడిదరంగు ప్రైమర్ నీటిని ఆపదు. అది నున్నగా రుద్దుకోవడానికి వేసేది. దాంతోనే బండిని నెలల తరబడి బయట వదిలేస్తే అడుగున కొత్త తుప్పు పుడుతుంది. శుభ్రం చేసిన ఇనుముకు ముందు నీటిని ఆపే ఎపాక్సీ ప్రైమర్ వేయండి, మిగతావి దాని మీద. గీకిన ఇనుమును చేత్తో తాకి, రేపు వేద్దాంలే అని వదిలేయడం కూడా వద్దు. చెమట చాలు, వేలిముద్రలు తుప్పుగా తేలడానికి.

అపోహ: బాడీ బాగుంటే బండి బాగున్నట్టే.

పికప్ బరువు మోసేది చాసిస్, అంటే బాడీ కింద ఉండే ఇనుప చట్రం. ఉత్తర అమెరికాలో 1995 నుంచి 2000 దాకా వచ్చిన టొయోటా టకోమా పికప్‌ల చాసిస్ తుప్పుకు తూట్లు పడుతోందని తేలాక, 2008లో కంపెనీ దానికి 15 ఏళ్ల వారంటీ ఇవ్వాల్సి వచ్చింది, బాగా పాడైన వాటిని వెనక్కి కొనేసింది కూడా. బయటికి చక్కగా కనిపించే బళ్లకే ఆ గతి పట్టింది.

కాబట్టి రంగు గురించి ఆలోచించే ముందు సుత్తి పట్టుకుని బండి కిందికి వెళ్లండి. ఉత్త జాకీ మీద మాత్రం కాదు. స్టాండ్లు పెట్టాలి, అవి కూడా చాసిస్ గట్టిగా ఉన్న చోటే. వెనక ఇరుసు మీద చాసిస్ వంపు తిరిగే చోటు, కమాన్ కట్టలు వేలాడే బ్రాకెట్లు, క్యాబిన్ కూర్చునే మౌంట్లు, అడ్డపట్టీలు కలిసే మూలలు తట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. కుళ్లింది దబ్‌మని మొద్దుగా పలుకుతుంది, కొన్నిసార్లు సుత్తే లోపలికి పోతుంది.

ఇక్కడ భయపడేవాళ్లకు ఒక మాట. చాసిస్ నిండా ఎర్రగా పెచ్చులు కనిపించగానే గుండె జారిపోనక్కర్లేదు. తుప్పు ఉబ్బుతుంది కాబట్టి మందపాటి పెచ్చు ఊడినా అందులో పోయిన ఇనుము కొంచెమే ఉండొచ్చు. పెచ్చులు రాల్చి, గీకి, మిగిలిన మందం కొలిచాకే టెన్షన్ పడాలో వద్దో తేల్చుకోండి. నిజంగానే చిల్లులుంటే మాత్రం దాని మీద ప్లేటు పెట్టి అతికేసి చేతులు దులుపుకోవద్దు, రెండు పొరల మధ్య నీళ్లు చేరి తొందరగా తింటుంది. చాసిస్ వెల్డింగ్ ఇంట్లో నేర్చుకునే పని కాదు, అనుభవమున్నవాళ్లకు అప్పగించండి.

మిగతావి త్వరత్వరగా.

వెనిగర్‌తో తుప్పు పోతుందా? చిన్న భాగాలకు పోతుంది. తీశాక వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. బండి మొత్తానికి వెనిగర్ అనేవాళ్లతో నేను వాదించను.

వాషింగ్ సోడా నీళ్లలో భాగాన్ని ముంచి, బ్యాటరీ ఛార్జర్ కరెంటుతో తుప్పు తీసే పద్ధతి నిజమే. అయితే ఛార్జర్ పాజిటివ్ వైరుకు స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్క కట్టమని చెప్పే వీడియోలు నమ్మకండి, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. మామూలు ఇనుప ముక్క చాలు. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గాలి తగిలే చోట, నిప్పుకు దూరంగా చేయండి.

అడుగున నల్లటి రబ్బరు కోటింగ్ వేస్తే ఇక తుప్పు రాదన్నది ఉత్త మాట. తుప్పు మీద వేస్తే అది తేమను లోపలే బంధిస్తుంది. దానికి బదులు పెట్టె భాగాల్లోకి పాకే మైనం లాంటి ద్రవం స్ప్రే చేయండి. నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయకండి.

మామూలు ఇసుకతో బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి తుప్పు రాల్చడం) ఇంట్లో వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది.

బ్రేకుల జిడ్డు వదిలించే బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వెంటనే వెల్డింగ్ చేయకండి. క్లోరిన్ రకం అయితే వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

డీజిల్ ట్యాంకు గానీ పెట్రోల్ ట్యాంకు గానీ ఖాళీగా ఉంది కదా అని చిల్లికి వెల్డింగ్ పెట్టేవాళ్లున్నారు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. లోపల ఆవిరి మిగిలే ఉంటుంది, పేలడానికి ఒక్క రవ్వ చాలు. చిల్లి పడిన ట్యాంకును పక్కన పెట్టి వేరే ట్యాంకు బిగించుకోండి.