ఆరోగ్య మ్యాపులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మ్యాప్‌లో ఎరుపు ముదిరిన చోటే జబ్బు ఎక్కువ.

వాస్తవం: ఆ రంగు దేన్ని లెక్కగట్టి వేశారో ముందు అడగండి. కేసుల సంఖ్యను బట్టి వేస్తే జనం ఎక్కువున్న ఊరు ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. అందుకే వెయ్యి మందికి ఎంతమంది అని చూస్తాం. అక్కడా జాగ్రత్త కావాలి. 400 మంది ఉన్న తండాలో ఇద్దరికి డెంగీ వస్తే వెయ్యికి 5. మూడో మనిషికి వస్తే 7.5. ఒక్కరితో తండా రంగే మారిపోతుంది. చిన్న ఊళ్లకు కొన్నేళ్ల లెక్కలు కలిపి చూడాల్సిందే.

అపోహ: కేసులు గుమిగూడిన చోటే కారణం దొరుకుతుంది.

వాస్తవం: మన రికార్డుల్లో ఉండేది రోగి ఇంటి అడ్రస్. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది; బడిలోనో, పనిచేసే చోటో కుట్టి ఉండొచ్చు.

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరాకు మూలం ఒక వీధి నీళ్ల పంపు అని డాక్టర్ జాన్ స్నో మ్యాప్ చూసి కనిపెట్టాడని చాలామంది అనుకుంటారు. ఆ పంపు హ్యాండిల్ పీకేసింది సెప్టెంబరు 8న. మ్యాప్ గీసింది ఆ తర్వాత. అసలు పని ఇంటింటికీ తిరిగి అడగడంలో జరిగింది. పంపుకు దగ్గర్లోనే ఉన్న బీరు కర్మాగారం పనివాళ్లు ఆ నీళ్లు తాగలేదు, వాళ్లలో కలరాతో ఒక్కరూ చనిపోలేదు. ఎక్కడో హాంప్‌స్టెడ్‌లో ఉండే ఒక పెద్దావిడ ఆ నీళ్లే ఇష్టపడి తెప్పించుకునేది, ఆమె చనిపోయింది. మ్యాప్‌లో కేసుల చుక్కలు పడని చోటును, దూరంగా పడ్డ ఒక్క చుక్కను పట్టించుకోవడమే ఈ ఆరోగ్య మ్యాపుల వృత్తిలో నాకు అన్నిటికన్నా ముఖ్యం.

అపోహ: జిల్లా లెక్క ఉంటే చాలు.

వాస్తవం: శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బునే తీసుకోండి. దాని భారమంతా కవిటి, సోంపేట, కంచిలి లాంటి కొన్ని మండలాల మీదే. జిల్లా సగటులో కలిపేస్తే ఆ ఊళ్ల బాధ పలచబడిపోతుంది. పైగా 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఉద్దానంలో కొత్తగా ఒక్క కేసు రాకపోయినా, జనాభా తగ్గింది కాబట్టి కాగితం మీద జిల్లా రేటు పెరుగుతుంది. పాత, కొత్త మ్యాపులు పక్కపక్కన పెట్టే ముందు హద్దులు సరిచేసుకోవాలి.

ఫ్లోరైడ్‌కైతే మండలం లెక్క కూడా చాలదు. నల్లగొండ వైపు ఒకే ఊళ్లో ఒక బోరు నీళ్లు బాగానే ఉండి, పక్క వీధి బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటొచ్చు. బోరు బోరుకూ చుక్క పెట్టాలి.

అపోహ: దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాలి.

వాస్తవం: మ్యాపులు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. తలనొప్పంతా ఊరి పేర్లతోనే. కొత్తపల్లి అని మాత్రమే రాస్తే ఏ కొత్తపల్లి? కేసు రాసేటప్పుడే మండలం, గ్రామం కోడ్ కూడా రాయండి.